కావలి బండిలో పదిహేను పుస్తకాలు: తీరిక లేనివాళ్ల చదువు లెక్క

రెండేళ్ల కిందట జనవరి 1న డైరీ మొదటి పేజీలో "ఈ ఏడాది 52 పుస్తకాలు" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. వారానికొకటి అన్నమాట. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లొచ్చేసరికే రెండు వారాలు బాకీ పడ్డాను. మార్చిలో ఆఫీసులో ఏడాది లెక్కలు మూసే పని నెత్తిన పడి పుస్తకం ముట్టుకోలేదు. ఉగాది నాటికి చదివినవి నాలుగు, బాకీ తొమ్మిదో పదో. పుస్తకం కనబడితేనే అప్పులవాడు ఎదురైనట్టు టెన్షన్ వచ్చేది. ఆ తర్వాత ఆ డైరీ పాల లెక్కకు పనికొచ్చింది.

నిరుడు పద్ధతి మార్చాను. 15 చదువుదాం అనుకున్నాను, 17 చదివాను. నేనుండేది కావలి, ఉద్యోగం నెల్లూరులో ఒక ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌లో. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లాడు, కంటి ఆపరేషన్ చేయించుకున్న అత్తయ్య, రొయ్యల గుంటలు చూసుకునే మా ఆయన. తీరిక అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు. అయినా కుదిరింది. ఏ వరుసలో చేస్తే కుదిరిందో ఆ వరుసలోనే చెబుతాను.

1. ముందు వారం రోజులు కొలవండి

ఎన్ని పుస్తకాలు అనే అంకె ఇప్పుడే వద్దు. అసలు మనకు రోజూ ఎన్ని పేజీలు చేతికొస్తున్నాయో ముందు తెలియాలి. చిన్న చీటీ ఒకటి పుస్తకంలో పెట్టుకుని, కూర్చున్న ప్రతిసారీ ఎన్ని నిమిషాలు, ఎన్ని పేజీలు అని రాయండి. వారం చాలు.

నా సంగతే చెబుతాను. పొద్దున రైలు బండిలో కావలి నుంచి నెల్లూరుకు దాదాపు గంట. గంట ఉంది కదా అని గంటా లెక్కేసుకుంటే దెబ్బ తింటాం. సీటు దొరికి, టిఫిన్ బ్యాగు ఒళ్లో సర్దుకుని, పక్కనామెతో పలకరింపులు అయ్యేసరికి బిట్రగుంట వచ్చేస్తుంది. అక్కడ ఎక్కేవాళ్లు ఎక్కి కుదురుకున్నాక, అల్లూరు రోడ్డు దగ్గర పుస్తకం తెరుస్తాను. తలమంచి, కొడవలూరు ఎప్పుడు వెళ్లిపోయాయో నాకు తెలియదు. పడుగుపాడులో జనం దిగడానికి లేచి నిలబడితే వెలుతురు తగ్గుతుంది. పెన్న వంతెన ఎక్కగానే బండి చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు వినగానే పాత సీజన్ టికెట్టు పేజీలో పెట్టి మూసేస్తాను. వాచీ పెట్టి చూస్తే ఇదంతా కలిపి 25 నిమిషాలు, 12 పేజీలు.

సాయంత్రం బండిలోనూ చదవొచ్చనుకున్నాను. వారం కొలిస్తే సున్నా. ఆఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడు నా బుర్రలోకి అక్షరం ఎక్కదు. ఈ సంగతి తెలియడానికి ఆ చీటీ కావలసి వచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాల్లో నాలుగు పేజీలు, ఆ తర్వాత పుస్తకం మొహం మీద పడుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోయే వేళ 20 పేజీలు. శనివారం బట్టలకీ బజారుకీ సరి.

మీ రోజు వేరేగా ఉంటుంది. ఒంగోలులో ఆటో కోసం నిలబడే పది నిమిషాలు కావచ్చు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ గడిపే రాత్రి కావచ్చు, పిల్లల ట్యూషన్ గుమ్మం బయట స్కూటీ మీద కూర్చునే ముప్పావు గంట కావచ్చు. ఏదైనా సరే, ఊహించుకుని రాయొద్దు. కొలిచి రాయండి.

2. ఇప్పుడు అంకె వేయండి

బండిలో 12, రాత్రి 4, కలిపి రోజుకు 16. ఐదు రోజులకు 80. ఆదివారం 20 కలిపితే వారానికి 100 పేజీలు. ఏడాదికి 52 వారాలు కదా అని 5,200 అనేయకండి. సంక్రాంతి వారం పోతుంది. మా అకౌంట్స్ వాళ్లకు మార్చిలో మూడు వారాలు పోతాయి. పిల్లాడి పరీక్షలకు రెండు, పెళ్లిళ్లకు రెండు, జ్వరాలకూ దగ్గులకూ రెండు, ఎందుకు పోయాయో తెలియకుండా పోయేవి రెండు. మొత్తం 12 తీసేస్తే 40 వారాలు, 4,000 పేజీలు. 200 పేజీల పుస్తకాలైతే 20.

ఇక్కడితో ఆగకుండా అందులో పావు వంతు కొట్టేయండి. మన గురించి మనం వేసుకునే అంచనాలో ఎప్పుడూ కాస్త గొప్ప కలిసి ఉంటుంది. నాకు 15 మిగిలింది. వినడానికి చిన్న అంకె. ఆఫీసులో చెబితే "అంతేనా?" అన్నవాళ్లున్నారు. అన్నవాళ్లలో ఆ ఏడాది రెండు పుస్తకాలు చదివినవాళ్లు ఎవరూ లేరు.

పేజీలన్నీ ఒకటి కావు. పాత అచ్చు పుస్తకాల్లో చీమ తలంత అక్షరాలుంటాయి, కొత్త వాటిలో కొన్నిట్లో పేజీకి ఇరవై వరుసలు కూడా ఉండవు. నేను సన్నక్షరాల పేజీని ఒకటిన్నరగా లెక్కేస్తాను. పద్యాలున్న పేజీ అయితే మూడు. తూకం సరిగా ఉంటేనే సరుకు సరిగా ఉంటుంది.

మొదలుపెట్టేది ఎప్పుడు? జనవరి 1న మాత్రం వద్దు. రెండు వారాలు తిరగకుండానే భోగిమంటలు, బంధువులు, అరిసెలు. మొదటి నెలలోనే ఓడిపోతే మనసు విరిగిపోతుంది. సంక్రాంతి అయిపోయాక వచ్చే సోమవారం మంచిది. లేదా నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, అప్పుడు మొదలుపెట్టినా బావుంటుంది.

3. చోటును బట్టి పుస్తకం

నా మొదటి ఏడాది ఓటమికి సగం కారణం ఇదే. ఒకే పుస్తకాన్ని బండికీ, మంచానికీ, ఆదివారానికీ మోసుకు తిరిగాను. 600 పేజీల నవల ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పై కడ్డీ పట్టుకుని నిలబడి చూడండి, తలమంచి రాకముందే మణికట్టు పీకుతుంది.

ఇప్పుడు మూడు పుస్తకాలు ఒకేసారి నడుస్తాయి. కలగాపులగం అవుతుందేమో అని భయపడ్డాను, కాలేదు. మూడు సీరియళ్లు ఒకేసారి చూసే అత్తయ్యకు ఏ కోడలు ఏ ఇంటిదో ఎప్పుడూ తప్పలేదు, మనకెందుకు తప్పుతుంది.

బండికి కథల పుస్తకం. 25 నిమిషాల్లో ఒక కథో, కథలో పెద్ద ముక్కో అయిపోవాలి. సన్నగా, అట్ట మెత్తగా ఉన్నది చూసుకోవాలి, బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన దూరాలి. దానికి ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. పులుసు కారిన లైబ్రరీ పుస్తకం తిరిగిచ్చేటప్పుడు పడే సిగ్గు నేను పడ్డాను. అది చేపల పులుసు కావడం వల్ల సంగతి ముక్కుకు కూడా తెలిసిపోయింది.

మంచం పక్కన కళ్లకు హాయిగా ఉండే అచ్చు, ఎక్కడ ఆపినా ఫరవాలేని పుస్తకం. ఉత్తరాలు, వ్యాసాలు, ఊరి కబుర్ల లాంటివి. సస్పెన్సు నవల పెట్టారా, రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని, మర్నాడు బండిలో నిద్రపోయి నెల్లూరు దాటిపోతారు. నేను ఒకసారి వేదాయపాళెంలో దిగి ఆటోలో వెనక్కి వచ్చాను.

ఆదివారానికి పెద్ద పుస్తకం. పెద్ద పుస్తకాలకు ఒక కిటుకుంది: భాగాలుగా వచ్చినదాన్ని ఎంచుకోండి, ఒక్కో భాగాన్ని ఒక్కో పుస్తకంగా లెక్కేసుకోండి. నేను ప్రకాశం పంతులుగారి "నా జీవిత యాత్ర"తో మొదలుపెట్టాను. అది నాలుగు భాగాలు, చివరిది తెన్నేటి విశ్వనాథం రాశారు. 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన మనిషి, జిల్లాకే పేరైన మనిషి, తన ఊసు తానే చెబుతుంటే ఆదివారం 20 పేజీలు 30 అయిపోయేవి. మన ప్రాంతం గాలి తగిలే పుస్తకం ఒకటి ఏడాది జాబితాలో ఉంటే మిగతా వాటిని అది లాక్కుపోతుంది.

కాఫీ వేళ గురించి కూడా చెప్పాలి. పొద్దున పాలు కాగే నాలుగు నిమిషాల్లో ఒక పద్యం. నెల్లూరులో పనిచేస్తూ తిక్కనను చదవకపోవడం ఏమిటని రోషం వచ్చి, తాత్పర్యం ఉన్న ప్రతి తెచ్చుకుని విరాటపర్వం తెరిచాను. రోజుకో పద్యం కంటే ఎక్కువ వద్దు. అర్థం కాకపోయినా పైకి చదవండి, సగం అర్థం చెవిలోంచి వస్తుంది. ఇది పేజీల లెక్కలోకి రాదు, ఇది చిల్లర డబ్బు.

4. పుస్తకాలు ఎక్కడివి

కొనడం చివరి దారి. చదవడం కంటే కొనడం తేలిక కాబట్టి చెబుతున్నాను. ఏటా జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి మన వైపు నుంచి బండెక్కి వెళ్లి సంచులతో దిగేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ వెళ్తాను, ఇంట్లో చదవనివి ఎన్ని ఉన్నాయో చేతి మీద రాసుకుని వెళ్తాను. పదికి మించితే కొత్తవి రెండే.

ఊరి ప్రభుత్వ గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతూనే ఉన్నాం, రసీదు తీసి చూడండి. కట్టిన డబ్బుకు సరుకు తెచ్చుకోవడమే కదా. వేళలు ముందే కనుక్కోండి, ఉద్యోగాలవాళ్లకు ఆదివారం కుదిరితేనే కుదిరినట్టు. లైబ్రరీ పుస్తకంతో నాకు ఇంకో మేలు జరిగింది. అట్ట లోపల అంటించిన కాగితం మీద గడువు తేదీ ముద్ర ఉంటుంది. సొంత పుస్తకం రేపు చదవొచ్చులే అనిపిస్తుంది. ఆ నీలం ముద్ర అలా అనుకోనివ్వదు.

ఒక్కసారైనా వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లండి. పాత ప్రకాశం జిల్లాలోది, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర అక్కడే భద్రంగా ఉంది. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. రెండు గంటలు కూర్చుని వచ్చాక మా పిల్లాడు ఆ చేతికర్ర గురించి రెండు రోజులు మాట్లాడాడు, పుస్తకాల గురించి మాట్లాడలేదు. సరేలే, మొదలంటూ ఒకటి ఉండాలిగా.

ఫోన్‌లో చదివేవాళ్లకు తెలుగు వికీసోర్స్ ఉంది, డబ్బు కట్టనక్కర లేదు. మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లకు రచన అందరిదీ అవుతుంది. అందుకే అక్కడ పాత తరం రచనలు దొరుకుతాయి. ఇప్పటివాళ్ల పుస్తకాలు మాత్రం కొనే చదవాలి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లు రచయిత కడుపు కొట్టేవి, నేను తెరవను.

5. ఫోన్

బండిలో ఫోన్‌ను టిఫిన్ బ్యాగు అడుగున, డబ్బా కింద పెట్టండి. అది బయటికి తీయాలంటే డబ్బా తీయాలి, డబ్బా తీయాలంటే పుస్తకం పక్కన పెట్టాలి. ఆ బద్ధకమే మనకు కాపలా. ఇంతకు మించి చెప్పేదేం లేదు.

6. పలక మీద రాయండి

లెక్క పెట్టడానికి యాప్‌లున్నాయి. రెండు వాడి వదిలేశాను, చూడాలంటే మళ్లీ ఫోన్ పట్టుకోవాలి, పట్టుకుంటే ఇంకేదో చూస్తాం. ఇప్పుడు వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకు మార్కాపురం పలక వేలాడుతోంది, పిల్లాడు ఒకటో తరగతిలో వాడింది. మీద బలపంతో మూడు వరుసలు: బండి, మంచం, ఆదివారం. ఒక్కో వరుసలో ఆ పూట ఆగిన పేజీ నంబరు. రోజూ పాత అంకె తుడిచి కొత్తది రాయాలి. ఆ తుడవడంలో ఒక తృప్తి ఉంది, మీరే చూస్తారు.

ఒక సోమవారం చూస్తే "బండి" పక్కన 3½ అని ఉంది. మూడున్నరో పేజీ ఏమిటా అని బుర్ర గోక్కున్నాను. అత్తయ్య పాలవాడి లెక్క రాసింది. అప్పటి నుంచి పలకకు రెండో వైపు పాలకు ఇచ్చేశాను.

పుస్తకం పూర్తయ్యాక మాత్రం నోటుబుక్కులో నాలుగు సంగతులు: పేరు, ముగించిన తేదీ, పేజీలు, గుర్తున్న ఒక్క దృశ్యం. అభిప్రాయం రాయొద్దు. "బాగుంది" అని రాస్తే ఆరు నెలలకు ఆ మాట దేనికీ పనికిరాదు. "తల్లి అన్నం గిన్నె మూత తీసి చూసి మళ్లీ పెట్టేసింది" అని రాసుకుంటే కథంతా తిరిగొస్తుంది.

7. నచ్చనిది వదిలేయండి

నాది మూడు ప్రయాణాల నియమం. మూడు పొద్దుటి బండ్లలో, అంటే 36 పేజీల్లో, నాలుగో రోజు తెరవాలనిపించకపోతే తిరిగిచ్చేస్తాను. చదివిన 36 పేజీలూ మాత్రం లెక్కలో వేసుకుంటాను, ఎందుకంటే కళ్లు పడ్డ కష్టం పడ్డట్టే. నిరుడు ఐదు వదిలేశాను. అందులో ఒకటి అందరూ గొప్పదని మెచ్చుకునేది. పేరు చెబితే తిడతారు.

మధ్యలో విసుగొచ్చిన అధ్యాయం దాటేసి ముందుకు పోవచ్చా అని పక్క సీటామె అడిగింది. పోవచ్చు. భారతం తెలుగులో ఎలా వచ్చిందో చూడండి. నన్నయ అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు. నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టుకోకుండా విరాటపర్వంతో ఎత్తుకుని 15 పర్వాలు ముగించాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు, అద్దంకి ప్రోలయ వేమారెడ్డి కొలువులోని ఎర్రన వచ్చి అరణ్యపర్వం పూరించాడు. రాసినవాళ్లే మధ్యది చివర్లో రాస్తే, చదివే మనం ఒక అధ్యాయం వెనక పెట్టుకుంటే తప్పేముంది.

8. తప్పిన రోజులకు వడ్డీ కట్టొద్దు

జాగ్రత్తగా పట్టించుకోవలసింది ఇదే. నాలుగు రోజులు తప్పాయనుకోండి, ఐదో రోజు 80 పేజీలు చదివి తీర్చేద్దాం అనిపిస్తుంది. తీరదు. ఆరో రోజుకు పుస్తకం మీద విరక్తి వస్తుంది. మొదటి ఏడాది నన్ను ముంచింది ఈ వడ్డీ లెక్కే. తప్పిన రోజు తప్పినట్టే. 40 వారాలే లెక్కేసుకున్నప్పుడు ఆ 12 వారాలు తీసి పక్కన పెట్టింది ఇందుకే, అందులోంచి వాడుకోండి.

తిరిగి మొదలుపెట్టే రోజు రెండు పేజీలు చాలు. ఆగిన చోటి నుంచి కాకుండా నాలుగు పేజీలు వెనక్కి వెళ్లి చదవండి, కథలోకి మళ్లీ ఎక్కడానికి అది మెట్టు.

దసరాకు ఒకసారి మొత్తం చూసుకోండి. అప్పటికి 15లో 11 అయితే దారిలో ఉన్నట్టు. 6 మాత్రమే అయితే 15ను 10 చేసేయండి, ఎవరూ జరిమానా వేయరు. ఆ తర్వాత నవంబర్, డిసెంబర్‌లలో మన తీరానికి తుపాన్లు వస్తాయి. బండ్లు రద్దవుతాయి, కరెంటు పోతుంది, టీవీ మూగబోతుంది. నిరుడు అలాంటి రెండు రోజుల్లో ఛార్జింగ్ లైటు వెలుగులో ఒక చిన్న నవల మొత్తం అయిపోయింది. అత్తయ్య మాత్రం సీరియల్ పోయిందని రెండు రోజులూ వానను తిట్టింది.

9. ఇంట్లో ఒకరిని కలుపుకోండి

ఒంటరిగా చేసే పందెం ఎవరికీ కనబడదు, అందుకే తొందరగా చస్తుంది. పది మంది గ్రూపు అక్కర్లేదు, అందులో ఎనిమిది మంది పండగ శుభాకాంక్షలు మాత్రమే పెడతారు. ఇంట్లో ఒకరు చాలు.

మా ఆయన మొదట నవ్వాడు. ఆయన రాత్రి కాపలా గుంటల దగ్గర. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వేయాలి, లేదంటే నీళ్లలో గాలి చాలక రొయ్యలు పైకి తేలతాయి. మెలకువగా ఉండాలి కాబట్టి చదవమన్నాను. బల్బు కింద పుస్తకం తెరిస్తే పురుగులు పేజీకి వంద. మూడో రోజు పుస్తకం మూసేసి ఫోన్‌లో కథలు వినడం మొదలుపెట్టాడు. విన్నది చదివినట్టా కాదా అని మా ఇద్దరికీ పెద్ద వాదన. చివరికి ఒప్పందం ఇదీ: మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర ఆ కథ నాకు చెప్పగలిగితే లెక్కలోకి వస్తుంది. ఇడ్లీ తింటూ కథ చెబుతాడు, సగం చోట్ల పేర్లు మార్చేస్తాడు. మార్చినా ఒప్పుకుంటున్నాను.

అత్తయ్య సంగతి నేను అనుకోనిది. కంటి ఆపరేషన్ అయిన కొత్తలో టీవీ చూడకూడదని డాక్టరు చెప్పారు. ఊరికే కూర్చోలేక, "ఏందమ్మా, రోజూ దానిలోనే ఉంటావు, ఏముందో నాకూ చదివి వినిపించరాదా" అంది. ఆదివారం పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టాను. పైకి చదివితే వేగం సగానికి పడిపోతుంది, గంటకు 15 పేజీలు కూడా రావు. మీ ఇంట్లో ఎవరికైనా వినిపించాలనుకుంటే ఈ తేడా ముందే లెక్కలో వేసుకోండి. అరగంటకోసారి మంచినీళ్లు తాగండి, సంభాషణలు వచ్చినప్పుడు గొంతు మార్చకండి, నవ్వొస్తుంది.

తండ్రి పోయాక ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచిన భాగం వచ్చింది. అత్తయ్య పుట్టిల్లు టంగుటూరు. చేత్తో ఆగమని సైగ చేసి, "మా నాయనమ్మ కూడా చెప్పేది, అప్పట్లో ఒంగోలు కోర్టుకు వచ్చినోళ్లు పూటకూళ్లింట్లోనే తినేవోళ్లంట" అని మొదలుపెట్టి ముప్పావు గంట చెప్పింది. ఆ రోజు పుస్తకం నాలుగు పేజీలే కదిలింది. పలక మీద ఏం రాయాలో తోచలేదు. పిల్లాడు బలపం తీసుకుని ఆదివారం వరుసలో "4 + నాయనమ్మ" అని రాశాడు. అది వారం రోజులు తుడవలేదు.